ఇనుము సాగదు, జరుగుతుంది: ఒకరి కవచం ఇంకొకరి ఒంటికి తొడగడం

విశాఖపట్నంలో గేమ్ ఆర్ట్ నేర్చుకుంటున్నవాళ్ళ కోసం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి తెర కనిపిస్తోందా? ముందు లైటు ఒకటి ఆర్పండి బాబూ. ఆఁ, చాలు.

తెర మీద మూడు పాత్రలున్నాయి. ఎడమవైపు ఆరడుగుల సైనికుడు, ఒళ్ళంతా ఇనప కవచం. మధ్యలో ఐదడుగుల అమ్మాయి, సన్నటి భుజాలు, పొట్టి నడుం. కుడివైపు బొజ్జ ఉన్న కమ్మరి. కవచం మాత్రం ఒకటే చేశారు, అది ఆ సైనికుడి కొలతలకి చేసింది. ముగ్గురికీ తొడగాలి. ఎలా?

మామూలుగా ఏం చేస్తాం? కవచం తెచ్చి కొత్త ఒంటి మీద పెడతాం. పొడుగైంది, స్కేల్ తగ్గిస్తాం. భుజం దగ్గర చర్మం బయటికి పొడుచుకొస్తోంది, అక్కడి వర్టెక్సులు, అంటే ఆకారాన్ని కట్టే బిందువులు, పట్టుకుని బయటికి లాగుతాం. చంక దగ్గర పొడుచుకొస్తుంది, అక్కడా లాగుతాం. అలా ఒక పూటంతా లాగి, నిటారుగా నిలబడ్డ బొమ్మని చూసి సరిపోయిందనుకుంటాం. పరిగెత్తించండి, ఏమవుతుంది? కవచం రబ్బరు తొడుగులా ఊగుతుంది. మోకాలి చిప్ప అప్పడంలా వంగుతుంది. ఎందుకంటారు? మనం దాన్ని కవచంలా చూడలేదు. చర్మం మీద ఇంకో చర్మంలా చూశాం.

ఈ పూట నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఇనుము సాగదు, జరుగుతుంది. మళ్ళీ చెప్తున్నాను. ఇనుము సాగదు, జరుగుతుంది. ఒళ్ళు మారినప్పుడు వచ్చే తేడానంతా పలకల మధ్య ఉన్న తోలు, గుడ్డ, గొలుసు మోయాలి. పలక మాత్రం తన ఆకారం తను ఉంచుకుని చోటు మారాలి.

మన ఊళ్ళో షిప్‌యార్డు ఉంది కదా. ఓడకి ఉక్కు పలకలు వంచుతారు. ఒకే దిశలో, గొట్టంలా వంచాలంటే రోలర్ల మధ్య నడిపిస్తే సరిపోతుంది. అదే పలక గిన్నె అడుగులా రెండు దిశల్లోనూ వంగాలంటే? అప్పుడు గీతలు గీతలుగా మంట పెట్టి కాల్చి, చల్లార్చి, ఓపిగ్గా రప్పించాలి. రెండు వైపులా వంపు రావాలంటే లోహం ఒకచోట కుంచించుకోవాలి, ఇంకోచోట సాగాలి. అది అంత తేలిగ్గా ఒప్పుకోదు. బ్లెండర్‌లో, అంటే మనం 3D బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌లో, మనకి ఆ కష్టమేదీ లేదు, బ్రష్ ఒకసారి తిప్పితే పలక పూరీలా పొంగుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. గేము ఆడేవాళ్ళకి ఈ లెక్కలేవీ తెలియకపోవచ్చు. కానీ ఇనుము అలా పొంగదని వాళ్ళ కంటికి తెలుసు.

సరే, పనిలోకి వద్దాం. నేను బ్లెండర్‌లోనే చూపిస్తాను, అది ఉచితం, అందరి దగ్గరా ఉంటుంది. మాయా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకీ పద్ధతి ఇదే, బటన్ల పేర్లే వేరు.

ముట్టుకునే ముందు మూడు చూసుకోండి. ఒకటి, రెండు ఒళ్ళూ ఒకే పోజులో ఉన్నాయా? ఒకటి చేతులు బారజాపిన టీ పోజులో, ఇంకోటి చేతులు ఏటవాలుగా దించిన ఏ పోజులో ఉంటే, భుజం దగ్గర మీరు చేసిన పనంతా వృథా. ముందు ఒక ఒంటిని రిగ్‌తో, అంటే ఒంటిని కదిపే బోన్ల గూడుతో, రెండోదాని పోజులోకి తిప్పి, ఆ పోజునే రెస్ట్ పోజుగా, అంటే మొదటి పోజుగా, స్థిరపరచండి. రెండు, స్కేల్. ఆబ్జెక్ట్ స్కేల్ మూడు వైపులా 1 ఉండాలి. లేకపోతే కంట్రోల్, ఏ నొక్కి స్కేల్ అప్లై చెయ్యండి. ఇది మరిచిపోతే మోడిఫయర్లలో, అంటే ఆకారాన్ని తమంతట మార్చే పనిముట్లలో, మీరు 5 మిల్లీమీటర్లు అన్నది వేరే ఏదో అవుతుంది. మూడు, రెండు ఒళ్ళకీ బోన్ల పేర్లు ఒకటేనా? ఒకదాంట్లో ఎడమ తొడకి ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకో పేరు ఉంటే, బోన్ల లాగుడు చెప్పే వెయిట్లు కాపీ చేసినా కవచం కదలదు, అలాగే నిలబడిపోతుంది. పేర్లు ముందే కలపండి.

తరువాత కవచాన్ని విడగొట్టండి. ఇది విసుగు పని, నిజమే. కానీ మొత్తం పనికి పునాది ఇదే. ఎడిట్ మోడ్‌లో పలక మీద మౌస్ పెట్టి ఎల్ నొక్కితే దానికి అతుక్కున్నదంతా సెలెక్ట్ అవుతుంది. పీ నొక్కితే విడి ఆబ్జెక్ట్ అవుతుంది. అలా విడగొట్టి మూడు కుప్పలు పెట్టండి. అస్సలు వంగనివి: ఛాతీ పలక, వీపు పలక, భుజం తొడుగులు, ముంజేతి తొడుగులు, మోకాలి చిప్పలు, పిక్క తొడుగులు, బకిళ్ళు, పలకలు బిగించే గుండ్రటి తలల మేకులు, అంటే రివెట్లు. పూర్తిగా వంగేవి: లోపలి చొక్కా, గొలుసు చొక్కా, అంగీ అంచులు. మూడో కుప్ప తోలు. తోలుది మధ్యస్థం. వంగుతుంది గానీ పెద్దగా సాగదు. తోలు పట్టీ పొడుగు మారొచ్చు, వెడల్పు మారకూడదు. పట్టీ వెడల్పు ఒక చోట 3 సెంటీమీటర్లు, ఇంకో చోట 4 ఉంటే అది తోలులా కాదు, చూయింగ్ గమ్‌లా కనిపిస్తుంది.

చందనం పూసిన ఒళ్ళు

ఇప్పుడు కవచాన్ని దేనికి తొడగాలి? పాత్ర ఒంటికి, అంతే కదా అంటారు. కాదండీ.

సింహాచలం అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటారు. నిజరూప దర్శనం అక్షయ తృతీయనాడు ఒక్కరోజే. ఆ చందనం కింద ఉన్న ఆకారం వేరు, మనకి కనిపించే ఆకారం వేరు. లోపలి మెలికలన్నీ చందనం కింద సర్దుకుని నున్నటి రూపం వస్తుంది. కవచానికి కొలత ఇవ్వవలసింది అలాంటి ఒళ్ళు. అసలు ఒంటికి ఒక కాపీ తీసి, దానికి పూత పూయండి. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎస్ నొక్కితే ప్రతి వర్టెక్సూ తన నార్మల్ దిశలో, అంటే ఉపరితలానికి నిటారుగా, బయటికి జరుగుతుంది.

ఎంత జరగాలి? నేను చెప్పే అంకెలు మనిషి సైజు పాత్రలకి. లోపలి గుడ్డ అయితే 3 మిల్లీమీటర్లు. తోలు అయితే 6. ఇనప పలక అయితే 12 నుంచి 15. ఎందుకంత? ఇనుము కింద మెత్తటి దళసరి చొక్కా తొడుక్కునేవాళ్ళు, ఇనుము ఎప్పుడూ ఒంటిని నేరుగా తాకదు. ఇంకో కారణం కెమెరా. చర్మానికీ కవచానికీ 1 మిల్లీమీటరే తేడా ఉంటే దగ్గర్నుంచి బాగానే ఉంటుంది. కెమెరా దూరం జరిగితే, ఏది ముందో ఏది వెనకో లెక్కగట్టే డెప్త్ బఫర్‌కి ఆ తేడా ఆనదు. ఒక ఫ్రేములో చర్మం, ఇంకో ఫ్రేములో కవచం, ఇలా మిణుకుమిణుకుమంటుంది.

పూత పూశాక గుంటలు పూడ్చాలి. ఛాతీ మధ్య పల్లం, వెన్నెముక గాడి, బొడ్డు, చంకల లోపలి మడత, వేళ్ళ సందులు. స్మూత్ బ్రష్‌తో వీటిని నున్నగా చెయ్యండి. ఇనప పలక ఈ గుంటల్లోకి దిగదు, మీదుగా వంతెనలా పోతుంది.

ఇక్కడ ఆడ పాత్రల కవచం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఛాతీ పలకని రెండు గిన్నెల్లా విడదీసి ఒంటికి అతికించడం నాకు ఇష్టం లేదు. ఇది నా అభిరుచి ఒక్కటే కాదు. పలకకి ఉబ్బెత్తు ఎందుకు పెడతారు? కత్తి దెబ్బ పక్కకి జారిపోవాలని. మధ్యలో పల్లం పెడితే దెబ్బ జారి ఎక్కడికి వస్తుంది? సరిగ్గా గుండె మీదకి. గుంట పూడ్చిన ఒంటి మీద ఒకే ఉబ్బెత్తుగా పలక పెట్టండి. కవచానికి కవచం ఉంటుంది, అమ్మాయి అమ్మాయిలానే కనిపిస్తుంది. భుజాల వెడల్పు, నడుం ఎత్తు, నడక, వీటివల్లే ఆకారం తెలుస్తుంది.

ఒంటిని మార్చండి, కవచం వెంట వస్తుంది

ఇప్పుడు అసలు కిటుకు. కవచాన్ని మనం లాగకూడదు. ఒంటిని మారిస్తే కవచం దాని వెంట రావాలి.

రెండు ఒళ్ళకీ వర్టెక్సుల సంఖ్యా, వరసా ఒకటే అయితే మీ అదృష్టం. ముందు కొత్త ఒంటిని, చివర పాత ఒంటిని సెలెక్ట్ చేసి, షేప్ కీల, అంటే అదే ఒంట్లో దాచిపెట్టే రెండో ఆకారాల, మెనూలో జాయిన్ యాజ్ షేప్స్ కొట్టండి. పాత ఒంటికి ఒక షేప్ కీ వస్తుంది. దాని విలువ 0 అయితే సైనికుడు, 1 అయితే అమ్మాయి. సంఖ్య ఒకటే ఉండి వరస వేరైతే? 1 కి జరపగానే ఒళ్ళు ఉండ చుట్టిన కాగితంలా నలిగిపోతుంది. అలా నలిగితే కంగారు పడొద్దు, వరస కలవలేదని అర్థం, అంతే.

వరస కలవకపోతే పాత ఒంటి కాపీనే కొత్త ఒంటి ఆకారానికి తేవాలి. ముందు రిగ్‌తో కీళ్ళు కీళ్ళకి సరిపెట్టండి: మోచేయి మోచేతి దగ్గర, మోకాలు మోకాలి దగ్గర. ఆ తరువాతే ష్రింక్‌వ్రాప్, ఒక ఉపరితలాన్ని ఇంకోదాని మీదకి అతికించే మోడిఫయర్. కీళ్ళు కలపకుండా ష్రింక్‌వ్రాప్ వేస్తే ఆకారం కలుస్తుంది గానీ మోకాలి వర్టెక్సులు తొడ మీదుంటాయి. వేళ్ళు, ముఖం ఇప్పుడు వదిలెయ్యండి. చేతి తొడుగులూ శిరస్త్రాణమూ ఎలాగూ విడిగా చెయ్యాలి. ఇలా సరిపెట్టిన కాపీనే పాత ఒంటికి షేప్ కీగా కలపండి.

షేప్ కీని 0 దగ్గర ఉంచి, కవచం ముక్కలకి సర్ఫేస్ డిఫార్మ్ మోడిఫయర్ పెట్టి, టార్గెట్‌గా ఆ ఒంటిని ఇచ్చి, బైండ్ నొక్కి ముడివెయ్యండి. ఇప్పుడు షేప్ కీని 0 నుంచి 1 కి జరపండి. చూస్తున్నారా? ఒళ్ళు మారుతుంటే కవచం వెంట వస్తోంది.

బైండ్ కాకపోతే? టార్గెట్ మెష్‌లో, అంటే ఆ ఒంటి వర్టెక్సుల వలలో, తప్పుంటే బ్లెండర్ ఒప్పుకోదు. లోపలికి నొక్కుకున్న పాలిగాన్లు, అంటే మెష్ ముఖాలు, ఉన్నా, ఒకేచోట రెండు వర్టెక్సులు పడి ఉన్నా, ఒక అంచుకి మూడు ముఖాలు అతుక్కున్నా బైండ్ కాదు. నొక్కుకున్న పాలిగాన్లయితే టార్గెట్‌ని త్రిభుజాలుగా మార్చండి. త్రిభుజాలు చేస్తే అంచులే పెరుగుతాయి, వర్టెక్సుల సంఖ్య మారదు, కాబట్టి షేప్ కీకి ఏమీ కాదు. జంట వర్టెక్సులు కలపడం మాత్రం షేప్ కీ చెయ్యకముందే చేసుకోండి, తరువాత చేస్తే సంఖ్య మారిపోతుంది.

ష్రింక్‌వ్రాప్‌ని నేరుగా కవచం మీదే వేస్తే పోదా అని ఎవరో అంటున్నారు. వేసి చూపిస్తాను, చూడండి. ఏమైంది? పలకకి బయటి గోడ ఒకటి, లోపలి గోడ ఒకటి ఉన్నాయి. ష్రింక్‌వ్రాప్ రెండింటినీ ఒకే ఉపరితలం మీదకి తెచ్చి పడేసింది. మందం పోయింది. రివెట్ల తలలు కూడా అణిగిపోయాయి. కవచం ఒంటి మీద వేసిన పచ్చబొట్టులా అయింది. అందుకే ఒంటిని ఒంటికి సరిపెట్టడానికి ష్రింక్‌వ్రాప్, కవచాన్ని ఒంటి వెంట నడపడానికి సర్ఫేస్ డిఫార్మ్. ఈ రెండు పనులూ కలపకండి.

అయిపోయిందా? గుడ్డకి అయిపోయింది, గొలుసు చొక్కాకి దాదాపు అయిపోయింది. ఇనుముకి ఇప్పుడే మొదలైంది. ఈ భుజం తొడుగు చూడండి. ఒంటికి 6, 7 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఒంటికి ఎంత దూరంగా ఉంటే అంత వంకరపోతుంది, ఎందుకంటే కింద చర్మం కొంచెం వాలినా పైన ఆ వాలు పెద్దదై కనిపిస్తుంది. ఈ వంకర పలకని మనం వాడుకోము. దీన్ని గుర్తుగా మాత్రమే ఉంచుకుంటాం. పలక ఎక్కడికి పోవాలో, ఎటు తిరగాలో అది చెప్తుంది. అసలు పలకని, వంకరపోకముందుదాన్ని, తెచ్చి అక్కడ నిలబెట్టాలి.

చేత్తో చెయ్యాలంటే ప్రతి పలక మీదా ఒకే గీతలో లేని మూడు వర్టెక్సులు ఎంచుకోండి: పైన ఒకటి, కింద ఒకటి, పక్కన ఒకటి. ఆ మూడూ గుర్తు పలక మీది అవే మూడింటికి వీలైనంత దగ్గరగా వచ్చేలా తిప్పి జరపండి. పైథాన్‌లో ప్రోగ్రాము రాయడం వచ్చినవాళ్ళకి ఇంకా మంచి దారి ఉంది. స్ఫటికశాస్త్రం కోసం వోల్ఫ్‌గాంగ్ కాబ్ష్ 1976లో ఇచ్చిన లెక్క ఒకటుంది: రెండు బిందువుల గుంపులిస్తే, ఒకదాన్ని రెండోదాని మీదకి తేవడానికి అన్నిటికన్నా తక్కువ తప్పుతో ఎంత తిప్పాలో చెప్తుంది. లెక్కలకి వాడే నమ్‌పై అనే పైథాన్ లైబ్రరీ బ్లెండర్‌తో పాటే వస్తుంది, కాబట్టి ఇరవై వరసల స్క్రిప్టు చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి, వచ్చిన భ్రమణ మాత్రిక డిటర్మినెంట్ మైనస్ అయిందేమో చూడాలి. మైనస్ వస్తే పలక తిరగలేదు, అద్దంలో బొమ్మలా తారుమారైంది. కుడిచేతి తొడుగు ఎడమచేతిది అవుతుంది. అప్పుడు చివరి అక్షం గుర్తు మార్చాలి.

మరి సైజు అసలు మార్చకూడదా అంటే, మార్చొచ్చు. మూడు వైపులా సమానంగా అయితే 5, 6 శాతం దాకా ఎవరికీ తెలియదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే స్కేల్ ముట్టుకోకండి, ఎందుకంటే పక్క పలక మీది రివెట్లు ఒక సైజూ దీని మీదివి ఇంకో సైజూ అయిపోతాయి. ఒక వైపే సాగదీస్తే గుండ్రటి రివెట్ కోడిగుడ్డు అవుతుంది.

అప్పుడేం చెయ్యాలి? బట్టలు సరిచేసే టైలరు ఏం చేస్తాడు? జేబునీ కాలరునీ సాగదీస్తాడా? కుట్టు విప్పి, పక్క గుడ్డ వదులు చేస్తాడు. పలకకీ అంతే. అంచు పట్టీ, రివెట్లు, మధ్యనున్న చిహ్నం, ఇవి కాలరూ జేబులూ. వీటి మధ్య ఉన్న నున్నటి ఖాళీ చోటు పక్క గుడ్డ. తేడా అంతా ఆ ఖాళీ చోటులోనే పడాలి. కమ్మరి ఛాతీ పలక 6 సెంటీమీటర్లు వెడల్పు కావాలా? చిహ్నానికి అటూ ఇటూ ఉన్న నున్నటి భాగం చెరో 3 సెంటీమీటర్లు పెంచండి. అంచు పట్టీ వెడల్పు అలాగే ఉంటుంది, రివెట్లు గుండ్రంగానే ఉంటాయి.

నడుం సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువ తప్పులు ఇక్కడే. అసలు ఇనప కవచంలో ఛాతీ పలక ఎక్కడ ఆగుతుంది? తుంటి దగ్గర కాదు, నడుం సన్నగా ఉండేచోట. ఆ కింద ఒళ్ళు వంగాలి కాబట్టి అక్కణ్ణుంచి ఒకదాని మీద ఒకటి జారే అడ్డ పట్టీలూ తొడ పలకలూ వేలాడతాయి. కొత్త ఒంటికి తొడిగేటప్పుడు ముందు నడుం గీత పెట్టండి, తరువాత చేతుల కంత, ఆఖరున మెడ. అమ్మాయి మొండెం పొట్టిది కాబట్టి ఛాతీ పలకని నిలువునా నొక్కేస్తారు చాలామంది. నొక్కకండి. అడ్డ పట్టీలు ఐదుంటే ఒకటి తీసెయ్యండి, నాలుగు చేయండి. కమ్మరి పొట్టకి ఒకటి కలపండి. కవచాలు చేసే నిజం కమ్మరి అయినా చేసేది అదే, పట్టీలను సాగదీయడు, లెక్క మారుస్తాడు.

మందం గురించి ఒక్క మాట. అసలు ఛాతీ పలకలు చాలామటుకు 2 మిల్లీమీటర్లు అటూఇటూ ఉండేవి. గేములో అంచు కంటికి ఆనాలి కాబట్టి 4, 5 పెడతాం. సర్దడమంతా బయటి గోడ మీదే చేసి, ఆఖరున సాలిడిఫై మోడిఫయర్‌తో మందం తెచ్చుకుంటే సుఖం. కానీ షేప్ కీలు ఉన్న మెష్ మీద మోడిఫయర్ అప్లై కాదని బ్లెండర్ మొండికేస్తుంది. అందుకని మందం ఎప్పుడు పెట్టాలో ముందే అనుకోండి.

కదిలితేనే తెలిసేది

ఇంతవరకూ చేసింది నిలబడిన బొమ్మకి. ఇక వెయిట్లు. ప్రతి వర్టెక్స్‌కీ ఏ బోన్ ఎంత లాగుతుందో చెప్పే అంకె కదా వెయిట్. చాలా గేముల్లో ఒక వర్టెక్స్‌కి నాలుగు బోన్లే, మొత్తం 1 కావాలి. అయిదో బోన్ ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో అది రాలిపోతుంది, ఆ వర్టెక్స్ ఒక్కటే బయటికి పొడుచుకొస్తుంది. లిమిట్ టోటల్ 4 పెట్టి, తరువాత నార్మలైజ్ ఆల్ కొట్టండి. ఈ వరసలోనే.

మెత్తటి ముక్కలకి కొత్త ఒంటి వెయిట్లు డేటా ట్రాన్స్‌ఫర్ మోడిఫయర్‌తో కాపీ చెయ్యండి, దగ్గరి ముఖం నుంచి లెక్కగట్టే ఎంపికతో. ఎక్కడ తప్పుతుంది? రెండు భాగాలు దగ్గరగా ఉన్నచోట. తొడల లోపలివైపు, చంక, వేళ్ళు. ఎడమ తొడ గుడ్డకి కుడి తొడ దగ్గరగా కనిపిస్తే దాని వెయిట్లు తెచ్చుకుంటుంది. నడిపించగానే రెండు కాళ్ళ మధ్య గుడ్డ గబ్బిలం రెక్కలా సాగుతుంది. మందు సులువే. ఎడమ సగానికి ఎడమ ఒళ్ళు మాత్రమే చూపించి కాపీ చేసి, తరువాత అద్దంలో బొమ్మలా కుడివైపుకి తిప్పండి.

ఇనప పలకలకి మాత్రం ఒంటి వెయిట్లు కాపీ చెయ్యకండి. దయచేసి చెయ్యకండి. పిక్క తొడుగు అంటే పిక్క బోన్, వెయిట్ 1, పలకంతా ఒకటే. అంతే. పైన కొంచెం తొడ బోన్ కలిపితే మోకాలు వంగినప్పుడు ఇనుము కూడా వంగుతుంది.

రెండు బోన్ల మధ్య ఉండే పలకల మాటేమిటి? తొడ పలక తుంటితో కొంత, తొడతో కొంత కదలాలి. పలకంతటికీ ఒకే వెయిట్, తుంటికి 0.5, తొడకి 0.5 ఇస్తే వంగదు కదా అనిపిస్తుంది. వంగదు, నిజమే. చిన్నదవుతుంది! ఎందుకో చూడండి. గేముల్లో ఎక్కువగా వాడే లీనియర్ పద్ధతి రెండు భ్రమణాలకి నేరుగా సగటు తీస్తుంది. రెండు బోన్ల మధ్య కోణం సగానికి కొసైన్ ఎంతో, తిరిగే తలంలో పలక అంతకి కుంచించుకుంటుంది. 60 డిగ్రీలు వంగితే కొసైన్ 30, అంటే 0.87, పలక 13 శాతం చిన్నదైంది. 90 డిగ్రీలకి కొసైన్ 45, 0.71. కూర్చోగానే తొడ పలకలో 29 శాతం మాయమైపోయిందన్నమాట. మీ తప్పు కాదు, లెక్క అంతే. అందుకే ఇలాంటి పలకకి ఒక సహాయ బోన్ పెట్టండి, అది తొడ ఎంత తిరిగితే అందులో సగం తిరిగేలా, బ్లెండర్‌లో కాపీ రొటేషన్ 0.5. పలక మొత్తం ఆ ఒక్క బోన్‌కి 1. భుజం తొడుగుకీ ఇదే మందు. గేము ఇంజన్‌లో ఆ సగం తిరగడం ఎవరు చేస్తారో రిగ్ చేసేవాళ్ళని ముందే అడగండి. ఇంజన్ చెయ్యలేకపోతే యానిమేషన్‌లోనే బేక్ చెయ్యాలి, అంటే ముందే లెక్కగట్టి రాసిపెట్టాలి.

ఇంకోటి. బోన్లతో ఒంటిని కదిపే బ్లెండర్ ఆర్మేచర్ మోడిఫయర్‌లో ప్రిజర్వ్ వాల్యూమ్ అని టిక్కు ఉంటుంది. పరీక్షించేటప్పుడు అది తీసెయ్యండి. అది వేరే లెక్క వాడుతుంది, ఇక్కడ అందంగా కనిపిస్తుంది, మీ ఇంజన్ లీనియర్ వాడితే గేములో వేరేలా వస్తుంది.

ఇక పరీక్ష. 120 ఫ్రేముల చిన్న యానిమేషన్ ఒకటి తయారుచేసి పెట్టుకోండి, ప్రతి కవచానికీ అదే. చేతులు తల మీదకి ఎత్తడం, నడుం 45 డిగ్రీలు మెలితిప్పడం, గొంతుక్కూర్చోవడం, పరుగు. దీనికి రెండు మన పోజులు కలపండి. ఒకటి నమస్కారం. రెండు చేతులూ ఛాతీ ముందుకి వస్తాయి, మోచేతులు పక్కకి పోతాయి. ముంజేతి తొడుగు ఛాతీ పలకలోకి దూరుతుందా లేదా ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. రెండోది బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. తొడ పలకలకి దీనికన్నా కఠిన పరీక్ష లేదు. ఈ రెండూ దాటిన కవచం దాదాపు అన్నీ దాటుతుంది.

దూరిందనుకోండి, వెంటనే వర్టెక్స్ లాగకండి. కింద చర్మం అసలు ఎందుకుంది? కనిపించని చర్మాన్ని తీసెయ్యండి. మాస్క్ మోడిఫయర్‌తో దాచి చూసుకోండి, సరే అనుకున్నాక తీసెయ్యండి. అంచు దగ్గర మాత్రం లోపలికి 2, 3 సెంటీమీటర్ల చర్మం వదలాలి. మెడ దగ్గర ఇంకొంచెం ఎక్కువ వదలండి. పై నుంచి కెమెరా చూస్తే మెడ చుట్టూ ఖాళీ బావి కనిపిస్తుంది. చర్మం తీసేస్తే సగం దూరుళ్ళు వాటంతటవే పోతాయి. మిగిలినవాటికే చెయ్యి పెట్టండి.

పైపూత మాటలు త్వరగా చెప్తాను, టైము అవుతోంది. ఆకారం మారాక, వెలుగు ఎలా పడాలో చెప్పే పాత కస్టమ్ నార్మల్స్ ఉండిపోతే నున్నటి ఇనుము మీద మురికి మచ్చల్లాంటి నీడలు వస్తాయి. వాటిని తీసేసి, షార్ప్ అంచులు మళ్ళీ గుర్తుపెట్టండి. నార్మల్ మ్యాప్, అంటే సన్నటి ఎత్తుపల్లాలు చూపించే టెక్స్చర్, పాత ఆకారానికి బేక్ చేసింది. పలకలు జరిగాయే గానీ సాగలేదు కాబట్టి చాలావాటికి అది అలాగే పనికొస్తుంది. చూశారా, సాగదీయకపోతే ఎంత పని తప్పిందో! పెంచిన ఛాతీ పలకకి మాత్రం మళ్ళీ బేక్ చెయ్యండి. బేక్‌కి ముందే త్రిభుజాలు చేసెయ్యండి. లేకపోతే మెలిపడ్డ నాలుగు మూలల ముఖాన్ని బ్లెండర్ ఒక మూల నుంచి కోస్తుంది, ఇంజన్ ఇంకో మూల నుంచి కోస్తుంది, మధ్యలో వికర్ణం గీత కనిపిస్తుంది. గొలుసు చొక్కాకి గళ్ళ టెక్స్చర్ వేసి చూడండి. గళ్ళు సాగినచోట, టెక్స్చర్ ఎక్కడ అతకాలో చెప్పే యూవీ సర్దండి. ఉంగరాలు ఒకచోట బియ్యపు గింజంత, ఇంకోచోట శనగ గింజంత ఉంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

మీలో కొందరు స్కైరిమ్ గేముకి మాడ్లు, అంటే సొంత మార్పులు, చేస్తారని తెలుసు. 2011 నాటి గేము, ఈ పని నేర్చుకోవడానికి ఇప్పటికీ మంచి బడి. అందులో పాత్ర లావుకి స్లైడర్ ఉంది, 0 నుంచి 100. ఒక్కో కవచానికి రెండు మెష్‌లు, పేరు చివర 0 ఉన్నది సన్నటి ఒంటికి, 1 ఉన్నది లావు ఒంటికి. మధ్య లావులన్నీ గేమే లెక్కగడుతుంది. ఎలా లెక్కగడుతుంది? మొదటి ఫైలు వందో వర్టెక్స్‌నీ రెండో ఫైలు వందో వర్టెక్స్‌నీ కలిపి. అందుకే ఒక ఫైలులో వర్టెక్స్ ఒకటి తీసేసి రెండోదాంట్లో తియ్యకపోతే కవచం ముళ్ళ కంపలా పేలిపోతుంది. నేనిందాక అడ్డ పట్టీ తీసెయ్యమన్నాను కదా, ఇలాంటి గేములో తీస్తే రెండింటిలోనూ తియ్యాలి. ఈ మాడ్లకి వాడే అవుట్‌ఫిట్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఒంటిని రిఫరెన్స్‌గా పెట్టి కన్‌ఫార్మ్ చేస్తే అన్నీ వెంట వస్తాయి. కానీ అదీ గుడ్డకీ ఇనుముకీ తేడా తెలియకుండానే లాగుతుంది, పలకలు మళ్ళీ మీరే నిలబెట్టాలి. ఇంకొకరు చేసిన కవచాన్ని సర్దుతుంటే వాళ్ళ అనుమతి మాటలు ముందు చదవండి. మార్చొచ్చు గానీ పంచకూడదు అనేవాళ్ళుంటారు, అది వాళ్ళ హక్కు.

ప్రశ్న ఒకటి వచ్చింది, సైనికుడు కాక మిగతా రెండు ఒళ్ళలో దేంతో మొదలుపెట్టాలని. కమ్మరితో మొదలుపెట్టండి. లావు ఒంటికి సర్దితే పలకల మధ్య ఖాళీలు పెరుగుతాయి, ఎక్కడ తోలు కావాలో, ఎక్కడ గొలుసు కావాలో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. సన్నటి ఒంటితో మొదలుపెడితే పలకలు ఒకదాని కింద ఒకటి దూరి తప్పులన్నీ దాక్కుంటాయి.

సరే, ఇప్పుడు లాప్‌టాప్‌లు తెరవండి. కమ్మరి ఫైలులో ఎడమ మోకాలి చిప్ప ఒక్కటే తీసుకుందాం. విడగొట్టండి, బైండ్ చెయ్యండి, మూడు గుర్తులు పెట్టండి. పది నిమిషాల్లో తెర మీద కూర్చోబెట్టి చూద్దాం.